నడుస్తున్న డెయిరీని అమ్ముతున్నారు, నడిపిస్తున్నవాడికి చెప్పారా?

ప్రశ్న: నా వయసు 52. హైదరాబాద్‌లో కూకట్‌పల్లిలో ఉంటాం. వికారాబాద్ దగ్గర నా పేరు మీద పద్నాలుగు ఎకరాల్లో సేంద్రియ డెయిరీ ఉంది, ముప్పై సాహివాల్ జాతి ఆవులున్నాయి. పదకొండేళ్లుగా తమ్ముడు, మరదలు అక్కడే ఉండి చూసుకుంటున్నారు. ఫ్లాట్ అప్పు, అమ్మాయి చదువు కారణంగా అమ్మేద్దామనుకుంటున్నాను. నడుస్తున్న ఫామ్‌గా అమ్మాలా, ఆవులను విడిగా అమ్మి భూమిని వేరుగా అమ్మాలా? తమ్ముడి సంతకం కావాలా? వాడికి ఇంకా చెప్పలేదు. పోయిన ఆదివారం కొనేవాళ్లు చూడటానికి వస్తే పాల ఖాతాదారులని చెప్పాను, మరదలు మజ్జిగ కూడా ఇచ్చింది. అమ్మాక వాళ్లకు ఏదో ఒకటి చూపిస్తాను.

జవాబు: సంతకం సంగతి రెండు మాటల్లో చెబుతాను. ఆ భూమి పూర్తిగా మీ స్వార్జితంతో కొన్నదై, పట్టాదారు పాసు పుస్తకంలో మీ ఒక్కరి పేరే ఉంటే ఆయన సంతకం అక్కర్లేదు. మీ నాన్నగారి పొలం అమ్మిన సొమ్ము అందులో ఏమాత్రం కలిసినా లెక్క మారవచ్చు కాబట్టి కాగితాలు తీసుకుని న్యాయవాదిని కలవండి. మీ ఉత్తరాన్ని నేను మూడుసార్లు చదివాను, మూడుసార్లూ ఆ మజ్జిగ దగ్గరే ఆగిపోయాను.

మీరు 'నడుస్తున్న ఫామ్' అని రాశారు. దాన్ని నడిపిస్తున్నది ఎవరు? పంట నేలలో కనీసం రెండేళ్లు రసాయన ఎరువు, పురుగుమందు పడకుండా కాపాడుకుంటే తప్ప సేంద్రియ ధ్రువీకరణ రాదు, వచ్చాక కూడా ప్రతి ఏటా తనిఖీకి వచ్చేవారికి గడ్డి ఎక్కడిదో, ఏ ఆవుకు ఏ మందు ఎప్పుడు వేశారో పుస్తకంలో చూపించాలి. ఆ పుస్తకం మీ చేతిరాతతో లేదని నేను పందెం కాస్తాను. తెల్లవారుజామున మూడున్నరకు కొట్టంలోకి వెళ్లేది, చూడి ఆవు నొప్పులు పడితే రాత్రంతా పక్కన కూర్చునేది, వట్టిపోయిన ఆవును కూడా అమ్మకుండా మేపేది మీ తమ్ముడూ మరదలూ. కొత్త చేతికి ఆవు అంత తేలిగ్గా పాలు చేపదని కొనేవాళ్లకూ తెలుసు. అందుకే వట్టి భూమి కంటే నడుస్తున్న డెయిరీకి ఎక్కువ ఇస్తారు. ఆ ఎక్కువ మొత్తం మీరు సంపాదించినది కాదు.

పెద్దన్న తండ్రితో సమానమన్న మాటను మనం పెళ్లి పత్రికల్లో పేరు పైన వేయించుకోవడానికి మాత్రమే గుర్తు చేసుకుంటున్నామని నాకు చాలాకాలంగా అనుమానం. తండ్రిలాంటివాడు ఇంటికి వచ్చిన పరాయివాళ్ల ముందు తమ్ముణ్ణి, మరదలిని ఏమీ తెలియనివాళ్లుగా నిలబెట్టడు. 'ఏదో ఒకటి చూపిస్తాను' అనే మాట జీతగాడికి చెప్పేది, అదీ మర్యాదగా చెప్పేది కాదు.

మీ అప్పు అబద్ధమని నేను అనడం లేదు, అమ్మకూడదనీ అనడం లేదు. బయానా తీసుకోకముందే, ఫోన్‌లో కాకుండా స్వయంగా వెళ్లి, ఒక రాత్రి అక్కడే ఉండి, మీ అప్పెంతో దాచకుండా చెప్పండి. వట్టి భూమికి ఒక ధర, ఆవులతో, ధ్రువీకరణతో, ఖాతాదారులతో కలిపి ఒక ధర రాయించి ఆ రెండు కాగితాలూ మీ తమ్ముడి ముందు పెట్టండి. ఆ రెంటి మధ్య తేడా వాళ్ల వాటా, అది మీరు ఇచ్చే దానం కాదు. ఆవులను తానే తీసుకుని వేరే చోట కౌలుకు నేల చూసుకుంటానంటే మొదటి అవకాశం ఆయనకే ఇవ్వండి, ధర కొంత తగ్గినా సరే. కోపంతో రెండు మాటలు అంటాడు, అననివ్వండి. పదకొండేళ్లలో జీతం ఎంత ఇచ్చారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, ఆయన ఆ లెక్క కూడా తీయవచ్చు.

ఈ ఆదివారం వాళ్లు మళ్లీ వస్తారేమో. అంతకుముందే, శనివారం సాయంత్రానికే మీరు అక్కడ ఉండండి, పోయిన వారం మజ్జిగ తాగి వెళ్లినవాళ్లు ఎవరో ముందుగా మీ మరదలికి చెప్పండి.