బరువు తగ్గాను సరే... ఒంట్లో బలమేదీ?

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. తిరుపతిలో ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఇద్దరు పిల్లలు. రెండేళ్ళ కిందట 103 కిలోలుండేదాన్ని, షుగరు కూడా మొదలైంది. డాక్టరు గట్టిగా చెప్పడంతో తిండి తగ్గించి, రోజూ నడిచి 66కి వచ్చాను. అందరూ సంతోషిస్తారనుకున్నా. 'ఏంటమ్మా ఇట్లా పీక్కుపోయావు, ఏదన్నా జబ్బా?' అంటున్నారు. మా అత్తమ్మ అయితే ఇంటికొచ్చిన వాళ్ళందరి ముందూ ఇదే మాట. చేతుల కింద, పొట్ట మీద చర్మం వేలాడుతోంది. మోచేతుల దాకా జాకెట్లు కుట్టించుకుంటున్నా. మా ఆయన ముందు బట్టలు మార్చుకోవాలన్నా సిగ్గే. అలిపిరి మెట్లెక్కాలని ఎప్పటినుంచో కోరిక. ఈమధ్య బయల్దేరితే గాలిగోపురం దగ్గరికొచ్చేసరికి తొడలు వణికి కూర్చుండిపోయాను. ఇంట్లో బియ్యం మూట కూడా జరపలేకపోతున్నా. జిమ్‌కి వెళ్ళి బరువులెత్తుతానంటే 'ఆడదానికి కండలెందుకు' అని అత్తమ్మ, 'తగ్గావు కదా, ఇంకా ఎందుకు' అని ఆయన. నాకేమో కాస్త ఎక్కువ తింటే మళ్ళీ లావైపోతానని భయం. పొద్దునా రాత్రీ బరువు చూసుకుంటున్నా. అరకిలో పెరిగితే ఆ పూట అన్నం ముట్టను. తగ్గాక కూడా ఇంత టెన్షనేంటి? ఏం చేయమంటారు?
- ఒక సోదరి, తిరుపతి

జవాబు: 37 కిలోలు తగ్గడం మాటలు కాదమ్మా. ఇంటిల్లిపాదికీ వండిపెడుతూ, స్కూల్లో రోజంతా నిలబడి పాఠాలు చెబుతూ, పెళ్ళికెళ్తే 'ఇంకొక్క ముద్ద' అని విస్తట్లో వడ్డించేవాళ్ళకి అడ్డం చెయ్యి పెడుతూ సాధించారు. మీ ఉత్తరంలో ఆ సంతోషం ఒక్క చోట కూడా కనపడలేదు. నాకు బాధ కలిగించింది అదే.

మీరు రాసిన ఇబ్బందులన్నీ వేర్వేరుగా కనిపిస్తున్నా, మూలం ఒకటే అనిపిస్తోంది. బరువు తగ్గే రోజుల్లో పనికొచ్చిన పద్ధతులనే మీరింకా పట్టుకుని ఉన్నారు. తక్కువ తినడం, నడవడం, కాటా ఎక్కడం. అప్పుడు అవే మిమ్మల్ని కాపాడాయి. ఇప్పుడు అవే మీ బలాన్ని తీసేస్తున్నాయి. తగ్గే పని పూర్తయింది. ఇక ఒళ్ళు కట్టుకునే పని మొదలుపెట్టాలి. దానికి కడుపునిండా తిండి కావాలి, ఎత్తడానికి బరువు కావాలి, కొన్ని నెలల ఓపిక కావాలి.

గాలిగోపురం దగ్గర తొడలెందుకు వణికాయో చెప్తాను. తిండి తగ్గించి బరువు తగ్గినప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. బరువులెత్తే వ్యాయామం లేకపోతే, పప్పూ గుడ్డూ కూడా తగ్గించేస్తే, పోయిన బరువులో నాలుగో వంతు దాకా కండే ఉండొచ్చు. మీ లెక్కన అది ఎనిమిది, తొమ్మిది కిలోలు. పైగా 103 కిలోల ఒంటిని ఏళ్ళ తరబడి మోసిన కాళ్ళవి. ఆ మోత తప్పగానే వాటికి పని తగ్గింది, సత్తువ కూడా తగ్గింది. చదునైన రోడ్డు మీద నడక గుండెకీ ఊపిరికీ చాలా మంచిది గానీ, మెట్లెక్కే బలం దానితో రాదు. ఇంకో సంగతి. అలిపిరి దారిలో ఉన్న 3,550 మెట్లలో బాగా నిటారుగా ఉండే భాగం చాలావరకు గాలిగోపురం లోపే వస్తుంది. ఆ తర్వాత చాలా దూరం తేలిగ్గా సాగి, మోకాళ్ళ పర్వతం దగ్గర మళ్ళీ నిలువు. అంటే పెద్ద కష్టాన్ని దాదాపు దాటేశాక కూర్చున్నారు. ఓడిపోయానని అనుకోకండి.

ముందు తిండి సంగతి. కాటా చూసి అన్నం మానేయడం ఇవాళ్టితో ఆపేయండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. మీ 66 కిలోలకి అది 55 గ్రాములు. పోయిన కండ మళ్ళీ పెట్టుకోవాలంటే అది చాలదు, 80 గ్రాముల దాకా వెళ్ళాలి. షుగరు ఉంది కాబట్టి కిడ్నీల పరీక్ష చేయించుకుని, డాక్టరు సరేనన్నాకే పెంచండి.

దానికి డబ్బాల్లో వచ్చే పొడులే కొనాలని లేదు. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 6, 7 గ్రాములు, గుప్పెడు చెనక్కాయల్లో 7 గ్రాములు, వండిన చికెన్ వంద గ్రాములు తింటే 25 గ్రాములు వస్తాయి. మన వైపు ఉలవలకి కొదవ లేదు. కానీ చాలా ఇళ్ళల్లో ఉలవల్ని ఉడకబెట్టి, కట్టుతో చారు కాచుకుని, గింజలు ఆవుకి పెట్టేస్తారు. ప్రొటీన్ ఎక్కువగా ఉండేది ఆ గింజల్లోనే. పిడికెడు పచ్చి ఉలవలు, అంటే 50 గ్రాములు నానబెట్టి గుగ్గిళ్ళు చేసుకుంటే 10, 11 గ్రాములొస్తుంది. చలికాలంలో అనపకాయలొస్తే (సొరకాయ కాదు, చిక్కుడు జాతి కాయలు) పితికిపప్పు కూర చేసుకోండి. రాగిసంగటి కాల్షియానికి మంచిదే గానీ అందులో ప్రొటీన్ తక్కువ. ముద్ద కాస్త చిన్నది చేసి, పక్కన కూర పెంచండి. పొద్దున ఇడ్లీలతో రెండు గుడ్లు, స్కూలు బ్యాగులో సెనగల గుగ్గిళ్ళ డబ్బా, మధ్యాహ్నం నీళ్ళ పప్పు బదులు చిక్కటి పప్పూ పెరుగూ, రాత్రికి సంగటీ ఉలవల కూరో కోడికూరో, పడుకునే ముందు పాలు. ఏ పూటకి ఆ పూట ఇంత ప్రొటీన్ అందడం ముఖ్యం.

ఇలా తింటే లావైపోతానన్న భయం ఉందన్నారు. అది ఉత్త భయమని కొట్టిపారేయను. బాగా బరువు తగ్గిన ఒంట్లో ఆకలి పుట్టించే హార్మోన్లు చాలాకాలం ఎక్కువగానే పనిచేస్తాయి, అందుకే చాలామందికి బరువు తిరిగొస్తుంది. అయితే మీరు ఏడుస్తున్న ఆ అరకిలో కొవ్వు మాత్రం కాదు. అరకిలో కొవ్వు చేరాలంటే ఒంటి అవసరానికి మించి మూడున్నర వేల కేలరీల పైన తినాలి, ఒక్క పూటలో ఎవరికీ సాధ్యం కాదు. ఊరగాయ తిన్న మర్నాడు, నెలసరికి ముందు నీరు చేరి కిలో దాకా పెరగడం మామూలే. బరువులెత్తడం మొదలుపెట్టాక కండల్లో నీరు నిలిచి ఒకటి, రెండు కిలోలు పెరగొచ్చు కూడా. అందుకని కాటా వారానికి ఒకసారే, ఆదివారం పొద్దున పరగడుపున. మిగతా రోజులు దాన్ని మీ ఆయన బీరువాలో పెట్టి తాళం వేసుకోమనండి. వరసగా నాలుగు ఆదివారాలు 69 పైన ఉంటే అప్పుడు తిండి లెక్క చూసుకుందురు గానీ. అంతవరకూ ఏ అంకె కనపడినా భోజనం మానడానికి వీల్లేదు.

ఇక బరువులు. జిమ్ గొడవ తేలేదాకా ఆగొద్దు, ఇంట్లోనే మొదలుపెట్టండి. వారానికి మూడు రోజులు, మధ్యలో రోజు విడిచి రోజు. ఒక్కటి వివరంగా చెప్తాను, ఎందుకంటే మెట్లకీ బియ్యం మూటకీ పనికొచ్చేది అదే. చేతుల్లేని గట్టి కుర్చీ ఒకటి గోడకానించి వేసుకోండి. అయిదు కిలోల బియ్యం సంచిని రెండు చేతులతో గుండెకి హత్తుకోండి. పాదాలు భుజాలంత ఎడంగా, మడమలు నేలకి ఆనించి, మనసులో మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా కిందికి దిగండి. పిరుదులు కుర్చీకి తగలగానే లేవండి, కూలబడొద్దు. మోకాళ్ళు లోపలికి ముడుచుకోకుండా కాలి వేళ్ళ వైపే ఉండాలి. అట్లా పదిసార్లు. రెండు నిమిషాలు ఆగి మళ్ళీ పది. మొత్తం మూడు విడతలు. చివరి రెండుసార్లూ కష్టంగా అనిపించాలి, అప్పుడే కండకి పని పడినట్టు. పన్నెండు సార్లు సులువుగా వచ్చేస్తుంటే సంచిలో ఇంకో కిలో వేయండి. ఇలా కొంచెం కొంచెం పెంచుకుంటూ పోకపోతే ఏడాది చేసినా ఫలితం ఉండదు. దీనితోపాటు గోడకి చేతులానించి చేసే పుషప్పులు, వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం, అయిదు లీటర్ల నీళ్ళ క్యాన్ ఒంటిచేత్తో నడుము దాకా లాగడం చేస్తే మొదటి నెలకి సరిపోతుంది.

మొదటి ఆరేడు వారాల్లో కండ కంటికి కనపడదు. కానీ బలం పెరుగుతుంది, ఎందుకంటే ముందు నరాలు పని నేర్చుకుంటాయి. కాబట్టి అద్దంలో వెతక్కండి. ఎన్ని కిలోల సంచితో ఎన్నిసార్లు లేచారో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. కాన్ఫిడెన్స్ ఎలా వస్తుందని అడుగుతుంటారు చాలామంది. పోయిన నెల ఎత్తలేనిది ఈ నెల ఎత్తానని పుస్తకంలో కనపడితే వచ్చే ధైర్యం, పదిమంది 'బాగున్నావు' అన్నా రాదు. నెలన్నర అయ్యాక ఆడవాళ్ళ బ్యాచ్ ఉన్న జిమ్‌లో చేరండి. అక్కడ ఎవరైనా త్వరగా కండ వస్తుందని ఇంజెక్షన్లంటే మాత్రం ఆ గడప మళ్ళీ తొక్కకండి.

మొదలుపెట్టే ముందు ఒకసారి డాక్టర్ని కలవండి. షుగరు మాత్రలు ఇంకా పాత మోతాదులోనే వేసుకుంటుంటే, 37 కిలోలు తగ్గిన ఒంటికి అవి ఎక్కువై, వ్యాయామం చేసేటప్పుడు షుగరు పడిపోయి కళ్ళు తిరగొచ్చు. హిమోగ్లోబిన్, బి12, విటమిన్ డి, థైరాయిడ్ కూడా చూపించుకోండి. తొడల వణుకులో వీటి పాలు కూడా ఉండొచ్చు.

చర్మం గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. ఏళ్ళ తరబడి సాగిన చర్మం ఏ క్రీముతోనూ బిగుసుకోదు, వాటికి డబ్బు తగలేయకండి. కింద కండ పెరిగితే చేతుల దగ్గర, తొడల దగ్గర కొంత నిండుగా కనిపిస్తుంది. ఏడాది రెండేళ్ళలో కొంత సర్దుకుంటుంది. పొట్ట దగ్గర చాలావరకు ఉండిపోవచ్చు. మడతల్లో చెమటకి ఒరిసి పుండ్లు పడుతుంటే తడి లేకుండా తుడుచుకోండి, తగ్గకపోతే చర్మ వైద్యులకి చూపించండి. ఆపరేషన్‌తో తీయించుకునే మార్గం ఉంది గానీ, బరువు కనీసం ఆరు నెలలు ఒకేచోట నిలబడ్డాకే దాని ఆలోచన. మచ్చలు కూడా మిగులుతాయి. అంతవరకూ బతుకుని వాయిదా వేసుకోవద్దు. మీకు పొట్టిచేతుల జాకెట్టు ఇష్టమైతే ఈ ఎండాకాలమే కుట్టించుకోండి.

మీ అత్తమ్మ మాట నొప్పించేదే. కానీ ఆవిడ వయసువాళ్ళు, మనిషి చిక్కిపోవడాన్ని క్షయలోనో షుగరు ముదిరినప్పుడో చూసినవాళ్ళు. ఆ భయమే నోటివెంట అట్లా వస్తోందనుకుంటాను. మీ షుగరు రిపోర్టులు, అప్పటివీ ఇప్పటివీ ఆవిడ ముందు పెట్టి చదివి వినిపించండి. వచ్చినవాళ్ళ ముందు అనడం మాత్రం ఆగాలి. ఆ మాట చెప్పాల్సింది మీరు కాదు, ఆవిడ కొడుకు. ఇక ఆడదానికి కండలెందుకంటారా? మగవాళ్ళలో కండలు ఉబ్బించే హార్మోను ఆడవాళ్ళలో చాలా తక్కువ, మీకు పహిల్వాను ఒళ్ళేమీ రాదు. వయసు పెరిగేకొద్దీ కండ కరిగిపోయి, కింద కూర్చుంటే లేవలేక, బాత్రూంలో పడి తుంటి విరగ్గొట్టుకునేవాళ్ళు మన ఇళ్ళల్లో ఎందరో. ఆవిడకి మోకాళ్ళు సహకరిస్తే మీ పక్కనే ఇంకో కుర్చీ వేసి, సంచి లేకుండా అయిదుసార్లు కూర్చుని లేవమనండి. ఆవిడకీ మేలే.

మీ ఆయన విషయంలో మీరు చాలా ఊహించుకుంటున్నారని నా అనుమానం. ఆయన చర్మం గురించి ఒక్కమాట అన్నట్టు మీరు రాయలేదు. మీరు దాక్కుంటున్నారు, ఆయన అది తనని దూరం పెట్టడం అనుకుంటూ ఉండొచ్చు. పిల్లలు పడుకున్నాక చెప్పండి: 'నా ఒళ్ళు చూసుకుంటే నాకే సిగ్గుగా ఉంది. నువ్వేమనుకుంటావో అని భయంగా ఉంది. నువ్వు బాగుందని చెప్పక్కర్లేదు, నాకు కొంచెం టైమివ్వు, ఈ బరువులెత్తే విషయంలో నా పక్కనుండు' అని. సలహా అడగకుండా సాయం అడగండి. వారానికి మూడు సాయంత్రాలు అరగంట పిల్లల హోంవర్కు చూడమంటే ఏ భర్తకైనా ఏం చేయాలో తెలుస్తుంది.

భోజనం మానొద్దని నేను చెప్పినా, కంచం ముందు కూర్చుంటే గుండె దడదడలాడి తినలేకపోతున్నా, తిన్నది కక్కేయాలనిపిస్తున్నా, ఎవరూ లేనప్పుడు ఆపుకోలేక తిని తర్వాత కుమిలిపోతున్నా, నెల రోజులు కూడా ఆగకుండా మానసిక వైద్యుల్ని కలవండి. తిరుపతిలో రుయా ఆస్పత్రి మానసిక విభాగం ఓపీలో చూస్తారు. బయటికెళ్ళడానికి మొహమాటమైతే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, ఉచితం. ఏ వేళప్పుడైనా తెలుగులోనే మాట్లాడొచ్చు.