ఆస్పత్రి మెట్ల మీద సిగరెట్... ఎవరికి చెప్పాలి?

ప్రశ్న: మా నాన్నగారికి సీఓపీడీ, అంటే ఊపిరాడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు. పది రోజులుగా హైదరాబాద్‌లోనే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఉన్నారు, రాత్రిళ్లు ఆక్సిజన్ పెడుతున్నారు. వార్డు పక్క మెట్ల దగ్గర అటెండెంట్లు సిగరెట్లు కాలుస్తుంటారు. తలుపు తీసినప్పుడల్లా పొగ లోపలికొచ్చి నాన్నకు దగ్గు ఆగదు. సెక్యూరిటీ అతనికి చెబితే ‘కిటికీ తెరిచే ఉంది కదమ్మా, బయట ఉన్నట్టే’ అన్నాడు. నేనే వెళ్లి అడిగితే ఒకాయన నా మీదికొచ్చాడు. పైగా ఆ గుంపులో మా తమ్ముడూ ఉంటున్నాడు, అదేమంటే ‘టెన్షన్ అక్కా’ అంటాడు. ఏం చేయను?
- ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: ముందు ఆ కిటికీ సంగతి తేల్చేద్దాం. కిటికీ తెరిచినంత మాత్రాన మెట్లు ఆరుబయలు అయిపోవు. 2003 నాటి పొగాకు చట్టం, అదే కోట్పా, పొగ తాగకూడని చోట్ల జాబితాలో ఆస్పత్రి భవనాలను పేరు పెట్టి మరీ చెప్పింది. 2008 అక్టోబర్ 2 నుంచి అమలవుతున్న నిబంధనలు పెద్ద హోటళ్లు, ఎయిర్‌పోర్టుల్లాంటి వాటికి విడిగా స్మోకింగ్ రూమ్ పెట్టుకోనిచ్చాయి గానీ, ఆస్పత్రికి ఆ వెసులుబాటు లేదు.

జరిమానా 200 రూపాయల దాకా. అదో లెక్కా అంటారేమో, నిజమే, కాల్చేవాడికి లెక్క కాదు. కానీ ఫిర్యాదు అందాక కూడా ఊరుకుంటే ఎంతమంది కాలిస్తే అన్ని జరిమానాలూ ఆ చోటికి బాధ్యుడి మీద పడతాయి, కాబట్టి మేనేజ్‌మెంట్‌కు అది లెక్కే. మీరు మెట్ల దగ్గర ఎవరితోనూ గొడవ పెట్టుకోవద్దు. ఆస్పత్రి ప్రవేశ ద్వారం దగ్గర కనీసం 60 బై 30 సెంటీమీటర్ల తెల్లబోర్డు ఉండాలి, ఫిర్యాదు ఎవరికి చేయాలో వాళ్ల పేరూ రాసి ఉండాలి. లేదంటే నేరుగా మెడికల్ సూపరింటెండెంట్‌కో అడ్మినిస్ట్రేటర్‌కో కాగితం మీద రాసివ్వండి, జరిమానా వేసే అధికారం వాళ్లకూ ఉంది. ఆ కాగితంలో పక్క వార్డులో ఆక్సిజన్ నడుస్తోందన్న మాట తప్పకుండా రాయండి. ఆక్సిజన్ తనంతట తాను మండదు గానీ, చిన్న నిప్పురవ్వను కూడా భగ్గుమనిపిస్తుంది. చట్టం పేరు విని కదలనివాళ్లు కూడా ఈ మాట విని కదులుతారు.

గేటు బయట చాయ్ బండి దగ్గర అమ్మే సిగరెట్ల మాటంటారా, అక్కడ మాత్రం చట్టం చేతులెత్తేసినట్టే ఉంటుంది. 100 గజాల లోపు అమ్మకూడదన్న నిబంధన బడులకూ కాలేజీలకూ తప్ప ఆస్పత్రులకు లేదు. నాకైతే ఇది వింతగా అనిపిస్తుంది.

ఇక మీ తమ్ముడు. పదిమందిలో నిలదీయకండి, మొండికేస్తాడు. టెన్షన్ అబద్ధం కాదు, కాకపోతే అందులో కొంత నిద్రలేమి, కొంత సిగరెట్‌లోని నికోటిన్ అందక వచ్చే చిరాకు, కాల్చగానే తగ్గేది ఆ చిరాకే. తాగాలనే తహతహ ఒక్కోసారి కొన్ని నిమిషాలే ఉంటుంది, ఆ కాసేపూ అతన్ని మందుల షాపుకో క్యాంటీన్‌కో పంపండి. ఒకవేళ కాల్చే వచ్చాడంటే, నాన్న పక్కన కూర్చునే ముందు చొక్కా మార్చుకుని చేతులు కడుక్కోమనండి, ఆ వాసనకే దగ్గు తిరగబెట్టే పేషెంట్లుంటారు. మానాలని ఉంటే కేంద్ర ఆరోగ్య శాఖ ఉచిత క్విట్‌లైన్ 1800-11-2356 ఉంది. సిగరెట్ మానడానికి నమిలే నికోటిన్ గమ్ అతనికి పనికొస్తుందో లేదో నాన్నను చూసే ఊపిరితిత్తుల డాక్టరే చెప్పగలరు. రేపు రౌండ్స్‌కు వచ్చినప్పుడు తమ్ముణ్ణి పక్కనే నిలబెట్టుకుని మీరే అడగండి.