డ్రాగన్ ఆడతానంటున్న బుజ్జమ్మకు

బుజ్జమ్మా,

వచ్చే చెస్ టోర్నమెంట్‌లో నల్లపావులతో సిసీలియన్ డ్రాగన్, అదే ఆ తెగువ డిఫెన్స్, ఆడతానంటున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు నాకు. సంతోషమూ ఉంది, భయమూ ఉంది. హాయిగా కారోకాన్ లాంటి నిదానమైన డిఫెన్స్ ఆడుకోవే అందామనుకున్నాను కానీ నీ వయసులో నాకూ ఇదే పిచ్చి. 1995లో న్యూయార్క్‌లో ప్రపంచ టైటిల్ పోరులో కాస్పరోవ్ మన ఆనంద్ మీద 11వ గేమ్‌లో డ్రాగన్ తీసి గెలిచాడు, 13లో మళ్ళీ గెలిచాడు. ఆనంద్ ఓడాడని ఏడుపు, మనసేమో ఆ డిఫెన్స్ మీద.

ముందురోజు పెందలాడే పడుకో. ఫోన్ అమ్మకిచ్చెయ్. తెల్లపావులవాడు ఎఫ్3 వేసి, క్వీన్‌వైపు క్యాసిలింగ్ చేసి తన రాజును అటు దాచుకుని, నీ రాజు మీదికి హెచ్ బంటు తోసుకుంటూ వస్తాడు, అది నీకు తెలిసిందే.

నేను చెప్పాల్సింది వేరు. ఒకసారి జిల్లా పోటీల్లో నా రాజు పక్కనున్న హెచ్ లైను తెరుచుకుంది, ఎదుటివాడి క్వీన్ హెచ్6లో కూర్చుంది. నేను రూక్ ఇచ్చి సీ3లో గుర్రాన్ని కొట్టాను. ఆ గుర్రం డీ5కి దూకి నా ఎఫ్6 గుర్రాన్ని తీసేస్తేనే కదా హెచ్7లో నా రాజుకి మేట్! దాన్ని నేనే కొట్టేశాను, అయినా నా కళ్ళు హెచ్7 మీద నుంచి కదల్లేదు. అరగంట చెమటలు. అతను ఎత్తు వేయకుండానే, తన గడియారం నడుస్తుండగానే డ్రా అడిగాడు. నేను గబుక్కున ఒప్పుకుని చెయ్యి ఇచ్చేశాను. అతని చెయ్యి చల్లగా, తడిగా ఉంది బుజ్జమ్మా, నాకంటే ఎక్కువ వణుకుతోంది. ఇంటికొచ్చి బోర్డు పెట్టి చూస్తే మేట్ ఎక్కడా లేదు, చిక్కుల్లో పడింది అతని రాజే.

ఎవరైనా అలా అడిగితే "ముందు మీ ఎత్తు వేయండి" అను. ఆ హక్కు నీకుంది. వేశాక నీ టైములో ఆలోచించుకో, నువ్వు వద్దనేంతవరకూ, లేదా ఎత్తు వేద్దామని పావు ముట్టుకునేంతవరకూ, ఆ డ్రా ఎక్కడికీ పోదు. నీకూ భయమేస్తే గట్టిగా పట్టుకునేది ఈ మాటొక్కటే. తొందరపడి చెయ్యి చాచావో, ఊరుకోను.

డ్రా అయితే తప్పని కాదు తల్లీ. లెక్కపెట్టి ఒప్పుకుంటే అది నీ అర పాయింటు, ఎవరూ ఏమీ అనరు, అంటే నాకు చెప్పు. గేమ్ అవగానే ఎత్తులు రాసిన స్కోర్‌షీట్ ఫోటో పంపు. నా పాత బోర్డు తుడిచి పెట్టుకున్నాను.

మీ మావయ్య