ముహూర్తం ముందురోజు రాత్రికి ఎలా వెళ్లింది?

ఈ వారం వచ్చిన సందేహాల్లో ఐదు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. వీడియో ఫైలు లోపల తేదీ, టైటిల్, భాష, తీసిన చోటు లాంటి వివరాలు కనపడకుండా దాగి ఉంటాయి కదా, వాటిని మెటాడేటా అంటాం, అవి తప్పుగా ఉంటే మార్చడం ఎలా అని. చాలామంది ఏదో ఒక వెబ్‌సైట్‌లోకి వీడియో ఎక్కించి మార్పించుకుంటున్నారు. ఇంట్లో పెళ్లి వీడియోని ముక్కూమొహం తెలియని సైటు చేతిలో పెట్టడం దేనికండీ? ఉచితంగా దొరికే రెండు మూడు కమాండ్ లైన్ ప్రోగ్రాములతో మన కంప్యూటర్‌లోనే, నెట్ ఆపేసి కూడా చేసుకోవచ్చు. కమాండ్లను నేను ఫోన్‌లో చదివి చెప్పినట్టు తెలుగులోనే రాస్తున్నాను, మీరు టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే కిటికీ) ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకోండి. చిన్న గీత కనిపించిన చోట కీబోర్డు మీది మామూలు మైనస్ గుర్తు.

ప్రశ్న: మా తమ్ముడి పెళ్లి ముహూర్తం తెల్లవారుజామున 3:42 కి. తలంబ్రాలూ జీలకర్రా బెల్లం అన్నీ ముగ్గురి ఫోన్లలో, ఒక పెద్ద కెమెరాలో తీశాం. ఇప్పుడు అన్నీ ఒక ఫోల్డర్‌లో వేసి టైము ప్రకారం పేరిస్తే కొన్ని ముహూర్తం క్లిప్పులు ముందురోజు రాత్రి 10:12 అంటున్నాయి, గ్యాలరీలో చూస్తే కెమెరా క్లిప్పులేమో పొద్దున 9:12 అంటున్నాయి. రెండు క్లిప్పులైతే ఏకంగా 1904 లో తీసినట్టు ఉన్నాయి! (తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ కెమెరాకీ ఫోన్లకీ ఏ జబ్బూ లేదు, మధ్యలో ఉన్న ఐదున్నర గంటలే ఈ గొడవంతా చేస్తున్నాయి. ఎంపీ4 ఫైలులో తీసిన టైముని యూటీసీలో, అంటే గ్రీనిచ్ లెక్కలో రాయాలన్నది నియమం. ఫోన్లు ఈ నియమం పాటిస్తాయి. మన 3:42 లోంచి ఐదున్నర గంటలు తీసేస్తే ముందురోజు రాత్రి 10:12, ఫోన్ రాసింది అదే. దాన్ని చదివే సాఫ్ట్‌వేర్ తిరిగి ఐదున్నర కలిపి చూపిస్తే సరిగ్గా కనిపిస్తుంది, కలపడం మర్చిపోతే ముహూర్తం కాస్తా ముందురోజు రాత్రి భోజనాల వేళకి వెళ్లిపోతుంది. పెద్ద కెమెరాల్లో చాలావాటికి ఈ పట్టింపు లేదు, వాటి గడియారంలో 3:42 ఉంటే 3:42 అనే రాసేస్తాయి. తెలివైన గ్యాలరీ యాప్ దానికి కూడా ఐదున్నర కలుపుతుంది, అందుకే మీ కెమెరా క్లిప్పులు టిఫిన్ల టైముకి చేరాయి.

దీనికి ఎగ్జిఫ్‌టూల్ (ఇ, ఎక్స్, ఐ, ఎఫ్, ఆ పక్కనే టూల్) అనే ప్రోగ్రాం వాడండి. ఫిల్ హార్వే అనే ఆయన 2003 నుంచి ఉచితంగా ఇస్తున్నాడు. మొదట ఏమీ మార్చకుండా చూడండి:

ఎగ్జిఫ్‌టూల్ -క్రియేట్‌డేట్ ఫైలుపేరు

ఇది ఐదున్నర కలపకుండా లోపల రాసి ఉన్నది ఉన్నట్టే చూపిస్తుంది. ఫోన్ క్లిప్పులకి రాత్రి 10:12 అని వస్తే కంగారు పడకండి, అదే సరైనది. కెమెరా క్లిప్పులకి 3:42 అని వస్తుంది, మార్చాల్సినవి అవి. వాటిని వేరే ఫోల్డర్‌లోకి తీసి, ఆ ఫోల్డర్ పేరుతో ఇది కొట్టండి:

ఎగ్జిఫ్‌టూల్ -క్రియేట్‌డేట్-=5:30 -ట్రాక్‌క్రియేట్‌డేట్-=5:30 -మీడియాక్రియేట్‌డేట్-=5:30 ఫోల్డర్‌పేరు

ఒకే టైముని ఫైలు మూడు చోట్ల దాచుకుంటుంది, ఒక్కో యాప్ ఒక్కో చోట చూస్తుంది, అందుకే మూడూ రాశాను. క్రియేట్, డేట్ లాంటి మాటల మధ్య ఖాళీ ఉండకూడదు. పెద్దక్షరాలా చిన్నక్షరాలా అన్న పట్టింపు ఈ పేర్లకి లేదు. సరైన టైము రావాలంటే వెనక్కి నెట్టడమేంటి అని అనిపిస్తుంది, కానీ గ్యాలరీ యాప్ మళ్లీ కలుపుతుంది కదా, అప్పుడు 3:42 కి వచ్చి ఆగుతుంది.

ఒక్క జాగ్రత్త. పని అయిందో లేదో అని అనుమానపడి ఇంకోసారి ఎంటర్ కొట్టారా, ఇంకో ఐదున్నర గంటలు వెనక్కి పోతాయి. ఆ తప్పు జరిగితే, ఎగ్జిఫ్‌టూల్ ప్రతి ఫైలుకీ పాత కాపీ ఒకటి పక్కన పెట్టి ఉంచుతుంది, పేరు చివర అండర్‌స్కోర్ ఒరిజినల్ అని ఉంటుంది, "-రిస్టోర్ అండర్‌స్కోర్ ఒరిజినల్" అని ఫోల్డర్ మీద ప్రయోగిస్తే పాతవి వెనక్కి వచ్చేస్తాయి. ఈ కాపీల వల్ల డిస్కులో చోటు రెట్టింపు కావాలని మాత్రం ముందే గుర్తుంచుకోండి, పెళ్లి వీడియోలంటే మాటలా.

ఇక ఆ 1904 క్లిప్పులు. ఈ రకం ఫైళ్లు టైముని 1904 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయి అన్న లెక్కలో దాచుకుంటాయి. పాత మ్యాకింటోష్ కంప్యూటర్ల నుంచి క్విక్‌టైమ్ ద్వారా వచ్చిన ఆచారం అది. ఏదో ఎడిటింగ్ యాప్ ఆ గడిలో సున్నా పెట్టి వదిలేసింది, చదివే ప్రోగ్రాం సున్నా అంటే 1904 అనుకుంది. (ఆ గడి 32 బిట్లదైతే 2040 ఫిబ్రవరిలో నిండిపోతుంది, దానికి 64 బిట్ల పెద్ద గడి ఎప్పుడో సిద్ధం చేశారు, మనం బెంగపడక్కర్లేదు.) సున్నాకి గంటలు కూడి తీసి లాభం లేదు కాబట్టి "-క్రియేట్‌డేట్=" అని రాసి, కోట్స్‌లో సంవత్సరం:నెల:తేదీ, ఒక ఖాళీ, గంట:నిమిషం:సెకను ఇచ్చేయండి. మిగతా రెండు చోట్లకీ అంతే. యూటీసీ లెక్కలోనే ఇవ్వాలి సుమా.

ప్రశ్న: మా పిల్లల కోసం నేనే కథలు చెప్పి వీడియోలు చేశాను. ఒకటే వీడియో, మొదటి ఆడియో ఇంగ్లిష్, రెండోది తెలుగు. టీవీలో పెడితే తెలుగు పక్కన "అన్‌నోన్" అని వస్తోంది, ప్రతిసారీ ఇంగ్లిష్‌తోనే మొదలవుతోంది. పిల్లలు తెలుగు వినాలనే కదా ఇంత కష్టపడింది! కొన్ని ఎంకేవీ, కొన్ని ఎంపీ4. (డాలస్ నుంచి ఒక తండ్రి)

జవాబు: ఎంకేవీ అయితే మీ అదృష్టం. ఎంకేవీటూల్‌నిక్స్ అనే ప్యాకేజీలో ఎంకేవీప్రాప్‌ఎడిట్ అని ఒకటి ఉంటుంది, అది కొత్త ఫైలు తయారు చేయకుండా ఉన్న ఫైలులోనే ఆ నాలుగు అక్షరాలు మార్చి వచ్చేస్తుంది. ఎంత పెద్ద ఫైలైనా చిటికెలో పని.

ఎంకేవీప్రాప్‌ఎడిట్ ఫైలుపేరు --ఎడిట్ ట్రాక్:ఎ1 --సెట్ ఫ్లాగ్-డిఫాల్ట్=0 --ఎడిట్ ట్రాక్:ఎ2 --సెట్ లాంగ్వేజ్=టెల్ --సెట్ ఫ్లాగ్-డిఫాల్ట్=1

టెల్ అంటే టి, ఇ, ఎల్, తెలుగుకి ఉన్న మూడక్షరాల అంతర్జాతీయ కోడ్. ఇంగ్లిష్‌కున్న డిఫాల్ట్ గుర్తు తీసేయడం చాలామంది మర్చిపోతారు, రెండిటికీ గుర్తుంటే టీవీ మొదటిదాన్నే పట్టుకుంటుంది. అయినా ఇంగ్లిషే వస్తుంటే టీవీ సెట్టింగ్స్‌లో ఆడియో భాష ఇంగ్లిష్ అని ఉందేమో చూడండి.

ఎంపీ4 వాటికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ (ఎఫ్, ఎఫ్, ఎం, పి, ఇ, జి) కావాలి. 2000 లో ఫాబ్రిస్ బెలార్డ్ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ పేరు తెలియకుండానే మనం రోజూ వాడుతున్నాం, చాలా వీడియో యాప్‌ల కింద పని చేసేది ఇదే. విండోస్‌లో "విన్‌గెట్ ఇన్‌స్టాల్", ఉబుంటులో "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్", మ్యాక్‌లో హోమ్‌బ్రూ ఉంటే "బ్రూ ఇన్‌స్టాల్" అని కొట్టి పక్కన దీని పేరు రాస్తే వచ్చేస్తుంది.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ -ఐ పాతఫైలు -మ్యాప్ 0 -సి కాపీ -మెటాడేటా:ఎస్:ఎ:1 లాంగ్వేజ్=టెల్ -డిస్పోజిషన్:ఎ:0 0 -డిస్పోజిషన్:ఎ:1 డిఫాల్ట్ కొత్తఫైలు

తికమక చూశారా, ఎంకేవీప్రాప్‌ఎడిట్ ట్రాకుల్ని ఒకటి నుంచి లెక్కపెడుతుంది, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ సున్నా నుంచి. అక్కడ ఎ2 అన్న మీ తెలుగు ఇక్కడ ఎ:1.

ఇందులో అన్నిటికన్నా ముఖ్యం "-సి కాపీ". ఉత్తరం కవరు మీద అడ్రసు తప్పయితే ఉత్తరమంతా తిరగరాస్తామా? అడ్రసు కొట్టేసి రాస్తాం. కాపీ అన్న మాట లేకపోతే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఉత్తరమంతా తిరగరాస్తుంది, అంటే వీడియో మొత్తాన్ని విప్పి మళ్లీ కుదిస్తుంది, గంటల తరబడి ల్యాప్‌టాప్ ఫ్యాన్ మోత, చివరికి బొమ్మ నాణ్యత కొంచెం తగ్గి చేతికొస్తుంది. కాపీ ఉంటే బొమ్మా మాటా ముట్టుకోకుండా పైన వివరాలు మాత్రం మారుస్తుంది, మీ డిస్కు ఎంత వేగంగా కాపీ చేయగలదో అంతే టైము.

"-మ్యాప్ 0" గురించి నా సొంత బాధ ఒకటి చెప్పాలి. మా ఊళ్లో మేనమామ హరికథ చెబుతుంటే రెండు మైకులు పెట్టి రికార్డు చేశాను, ఆయన గొంతు ఒక ట్రాకులో, మద్దెలా జనం సందడీ రెండో ట్రాకులో. తీరిగ్గా ఇంటికొచ్చి అన్ని ఫైళ్లకీ టైటిల్ పెట్టాను, అంతా బాగానే ప్లే అయింది, చోటు కోసం పాతవి డిలీట్ చేశాను. నెల తర్వాత మిక్సింగ్ చేద్దామని తెరిస్తే రెండో ట్రాకు లేదు! మ్యాప్ 0 అని చెప్పకపోతే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ తనకు తోచిన ఒక వీడియో, ఒక ఆడియో తీసుకుని మిగతా ఆడియోలు వదిలేస్తుంది, అరిచి చెప్పదు కూడా. ఆయన పద్యం తర్వాత చప్పట్లు ఉండాల్సిన చోట ఇప్పుడు నిశ్శబ్దం. కొత్త ఫైలుని ఎఫ్‌ఎఫ్‌ప్రోబ్‌తో (ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో పాటే వస్తుంది) తెరిచి ట్రాకుల సంఖ్య పాతదానితో సరిపోయాకే పాతది తీసేయండి.

ప్రశ్న: ఇల్లు అద్దెకివ్వడానికి ఫోన్‌లో వీడియో తీసి గ్రూపుల్లో పెడుతున్నాను. వీడియోలో మన అడ్రసు ఉంటుందని మా అమ్మాయి భయపెడుతోంది, నిజమా? (హైదరాబాద్ నుంచి ఒక గృహిణి)

జవాబు: నిజమే. కెమెరా యాప్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే మీ గేటు దాకా దారి చూపించే అంకెలు ఫైలులో పడతాయి. మీరే చూసుకోండి:

ఎగ్జిఫ్‌టూల్ -ఎన్ "-జీపీఎస్*" ఫైలుపేరు

హైదరాబాద్‌లో తీసింది కదా, 17 తో ఒక అంకె, 78 తో ఒక అంకె వస్తే ఆ రెండూ మ్యాప్‌లో వెతకండి, మీ వీధి కనిపిస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా వీడియోగా పంపితే అది మళ్లీ కుదించి పంపుతుంది కాబట్టి ఇవి సాధారణంగా రాలిపోతాయి. క్వాలిటీ తగ్గకూడదని డాక్యుమెంట్‌గా పంపినా, డ్రైవ్ లింక్ ఇచ్చినా, మెయిల్ చేసినా ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. తుడవాలంటే:

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ -ఐ పాతఫైలు -మ్యాప్ 0:వి -మ్యాప్ 0:ఎ -మ్యాప్_మెటాడేటా -1 -సి కాపీ కొత్తఫైలు

పైన అంత మొత్తుకున్న మ్యాప్ 0 ఇక్కడ వాడొద్దు. ఐఫోన్ లాంటివి బొమ్మా మాటా కాక వేరే సమాచారపు ట్రాకులు కూడా లోపల పెడతాయి, మనకి బొమ్మ (వి), మాట (ఎ) చాలు. మైనస్ ఒకటి అంటే పాత వివరాలేవీ తీసుకురావద్దని. కొత్త ఫైలు మీద మళ్లీ జీపీఎస్ కమాండ్ వేస్తే ఏమీ రాకూడదు, అప్పుడు పంపండి. ఇకముందు కెమెరా యాప్‌లో లొకేషన్ ఆపేస్తే ఈ పనే ఉండదు. వీడియోలో ఇంటి నంబరు పలక కనపడుతుంటే మాత్రం ఏ కమాండూ కాపాడదు, అది మీరే చూసుకోవాలి.

ప్రశ్న: టైటిల్ తెలుగులో పెడితే కమాండ్ ప్రాంప్ట్‌లో డబ్బాలు డబ్బాలుగా వస్తోంది. ఇంగ్లిష్‌లో పెట్టుకోవాల్సిందేనా? (వరంగల్ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: అక్కర్లేదు. ఆ పాత నల్ల కిటికీకి తెలుగు చూపించడం రాదు, అంతవరకే. విండోస్ టెర్మినల్ కొంచెం నయం. అసలు గొడవే వద్దంటే వివరాలన్నీ నోట్‌ప్యాడ్‌లో రాసుకునే పద్ధతి ఉంది. "ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ -ఐ పాతఫైలు -ఎఫ్ ఎఫ్‌ఎఫ్‌మెటాడేటా" అని, చివర ఒక టెక్స్ట్ ఫైలు పేరు ఇస్తే ఉన్న వివరాలన్నీ అందులో పడతాయి. మొదటి లైను ముట్టుకోకుండా, టైటిల్ అని ఉన్న చోట ఈక్వల్స్ గుర్తు పక్కన హాయిగా తెలుగులో రాసి, యూటీఎఫ్-8 గా సేవ్ చేసి, తర్వాత ఇలా:

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ -ఐ పాతఫైలు -ఐ టెక్స్ట్‌ఫైలు -మ్యాప్ 0 -మ్యాప్_మెటాడేటా 1 -సి కాపీ కొత్తఫైలు

ఆ తర్వాత కూడా మీ కారు స్టీరియోలో డబ్బాలే కనిపిస్తే అందులో తెలుగు ఫాంటు లేదని, ఫైలులో తప్పేం లేదు.

ప్రశ్న: కంప్యూటర్ లేదు, ఫోన్‌లోనే అవుతుందా? (పేరు రాయలేదు)

జవాబు: ఆండ్రాయిడ్ అయితే అవుతుంది. ఎఫ్-డ్రాయిడ్ (ఉచిత యాప్‌లు దొరికే చోటు) నుంచి టెర్మక్స్ (ఫోన్‌లోనే టెర్మినల్ తెరిచే యాప్) వేసుకుని, "పీకేజీ ఇన్‌స్టాల్ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్" కొట్టి, "టెర్మక్స్-సెటప్-స్టోరేజ్" అంటే పర్మిషన్ అడుగుతుంది, ఇచ్చేయండి. పైన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో మొదలయ్యే కమాండ్లన్నీ అలాగే పని చేస్తాయి. నోట్స్ యాప్‌లో రాసుకుని తెచ్చి అతికించేవాళ్లు ఒకటి చూసుకోవాలి. కొన్ని కీబోర్డులు పక్కపక్కనే ఉన్న రెండు చిన్న గీతల్ని కలిపి ఒక పొడుగు గీత చేసేస్తాయి, మామూలు కోట్స్‌ని వంకర కోట్స్ చేసేస్తాయి. కమాండ్ ఎర్రర్ ఇస్తే ముందు ఆ గీతలు చూడండి.