కారు లేకుండా అబ్రుజ్జో: సుల్మోనాలో బస చేయండి

అరవై దాటిన అమ్మగారితో, కారు లేకుండా మూడు రోజుల్లో ఇటలీలోని అబ్రుజ్జో ప్రాంతపు కొండ ఊళ్లు చూడగలమా అని అడిగారు. చూడవచ్చు, కానీ మీ జాబితాలోని రోక్కా కలాషో కోటను వదిలేయండి. అది దాదాపు 1,460 మీటర్ల ఎత్తున ఉంది, చివరి దారి రాళ్ల మీద నడకే.

బస ఆ ప్రాంతంలోని సుల్మోనా పట్టణంలో పెట్టుకోండి. రోమ్ నుంచి నేరుగా రైలుంది, సుమారు మూడు గంటలు. స్టేషన్ ఊరికి రెండు కిలోమీటర్ల దూరం, సామానుతో నడవకుండా బస్సెక్కండి. పాత ఊరు చాలావరకు చదునే. చౌకు పక్కన 1256 నాటి రాతి కాలువ కమానులు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. రోమన్ కవి ఓవిడ్ పుట్టింది ఇక్కడే. దుకాణాల ముందు పూలగుత్తులు కనిపిస్తే మోసపోకండి. ఒక్కో రేకూ రంగు కాగితం చుట్టిన, చక్కెర పూత పూసిన బాదం పప్పు!

రెండో రోజు స్కాన్నో అనే కొండ ఊరికి బస్సులో వెళ్లండి, దారంతా ఇరుకైన లోయ. అక్కడ మెట్లు ఎక్కువ, అమ్మగారిని సరస్సు ఒడ్డున కూర్చోబెట్టినా చాలు. ఆదివారం మాత్రం వద్దు, బస్సులు బాగా తగ్గిపోతాయి. తిరుగు బస్సు వేళ దిగగానే చూసుకోండి.