విల్లు రాసిపెట్టు తమ్ముడూ, పిల్లలను కోర్టు సుట్టూ తిప్పకు

తమ్ముడూ,

మొన్న ఫోన్ల అడిగినవు గదా, అమెరికా డల్లాస్‌ల ఉన్న చిన్నోడు ప్రొబేట్ ప్రొబేట్ అంటుండు, అంటే విల్లు (వీలునామా) అసలుదే అని కోర్టు తేల్చుడు, మనకు గూడ గట్లనే ఉంటదా అని. ఆడ విల్లు రాసిపెట్టినా మనిషి పోయినంక కోర్టుకు పోవాల్సొస్తది, అందుకే బతికుండంగనే ఇల్లు, పైసలు లివింగ్ ట్రస్టుల, అంటే తాము పోయినంక కోర్టు లేకుంట వారసులకు చేరేటట్టు ఒక ట్రస్టు పేరు మీద, పెట్టుకుంటరు. మన తెలంగాణల విల్లుకు ప్రొబేట్ తప్పనిసరి కాదు. కానీ గా మాట నమ్ముకోని ఊకుంటే కోర్టు వేరే దారిల ఇంటికొస్తది.

మా నాయిన పోయినప్పుడు నువ్వు దుబాయ్‌ల ఉంటివి, నీకు పూరాగ తెల్వదు. రేకు పెట్టె తీస్తే ఫిక్స్‌డ్ డిపాజిట్ కాయితం దొరికింది, నామినీ కాడ మా అమ్మ పేరు. అమ్మ పోయి అప్పటికే ఆరేండ్లు. బ్యాంకోళ్ళు సక్సెషన్ సర్టిఫికెట్, అంటే వారసులు ఎవలో కోర్టు రాసిచ్చే కాయితం, తెమ్మన్నరు, ఇగ వకీలు, పేపర్ల ప్రకటన, వాయిదా మీద వాయిదా, ఏడాదిన్నర పట్టింది. చెల్లె చంటిపిల్లను సంకనేసుకోని సూర్యాపేట నుంచి నల్లగొండ కోర్టుకు బస్సుల వచ్చేది, ఆ మొఖం ఇప్పటికీ యాదికొస్తది.

అందుకే ముందుగాల బ్యాంకుకు పోయి ఎవల పేరుందో సూసుకో, 2025 నవంబర్ నుంచి నలుగురి దాక నామినీలు పెట్టుకోవచ్చు. అయితే నామినీ అంటే పైసలు తీస్కునేటోడే, హక్కుదారుడు కాదు, మిగిలినోళ్ళ వాటా అట్లనే ఉంటది. నామినీ ఒకరు, విల్లుల ఇంకొకరు ఉంటే ఆడనే లొల్లి మొదలైతది.

విల్లుకు స్టాంపు పేపర్ అక్కర్లే, తెల్లకాయితం చాలు, ఇద్దరు సాక్షులు నువ్వు సంతకం పెడుతుంటె సూసి వాళ్ళు గూడ పెట్టాలె. నువ్వు పోయినంక సాక్ష్యం చెప్పుటానికి ఉండాలె గదా, నీకంటె చిన్నోళ్ళను పెట్టుకో, ఆస్తి వచ్చేటోళ్ళను మాత్రం పెట్టకు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ నా మాటిని చేయించు, రేపు ఎవలన్నా దొంగ సంతకం అంటే నీ దిక్కు గట్టిగుంటది. మనసు మారితే మళ్ళ రాసుకోవచ్చు, ఆఖరుదే చెల్లుతది.

ఇగ భూమి సంగతి. సాగర్ ఎడమ కాల్వ కింద నువ్వు దుబాయ్ పైసలతోని కొన్న మూడెకరాలు నీ ఇష్టం. తాతల నుంచి వచ్చిన దాంట్ల నీ వాటా వరకే విల్లు రాయగలవు, 2005ల హిందూ వారసత్వ చట్టం మార్చినంక బిడ్డకు గూడ కొడుకుతోని సమానంగ హక్కున్నది. పెండ్లప్పుడే కట్నం ఇచ్చినం గదా అనకు, అది వాటా కింద లెక్క కాదు. విల్లు లేకపోతే విరాసత్‌కు, అంటే పట్టా వారసుల పేరు మీదికి మార్చుటానికి, తహసీల్దార్ ఆఫీసుల వారసులందరు ఒక్క మాట మీదుంటె మంచిది, ఒక్కరు అలిగినా పట్టా మారుడు కష్టం.

పెద్దోడు ఇల్లు ఇప్పుడే తన పేరు మీద గిఫ్ట్ డీడ్ (దానపత్రం) చెయ్యమంటుండట గదా. వద్దు తమ్ముడూ. ఒక్కసారి రిజిస్టర్ అయితే మనసు మారిందని రద్దు చేసుకోలేవు. చెయ్యాల్సే వస్తే నన్నూ మా ఆమెనూ సూసుకోవాలె అని డీడ్ల రాయించు, గట్ల రాసుంటె సూడనప్పుడు 2007 సీనియర్ సిటిజన్ల చట్టం కింద ఆర్డీవో కాడికి పోయి రద్దు చేయించుకోవచ్చు. మరదలు ఉన్నన్ని రోజులు ఆ ఇంట్ల ఆమెను కదిలించే హక్కు ఎవలకు ఇయ్యకు.

బిడ్డను గూడ పిలిచి అందరి ముందట చెప్పు, సాటుకు రాయకు. ఆదివారం పట్టా పాస్‌బుక్కులు, బాండ్లు, ఎల్‌ఐసీ కాయితాలు అన్నీ సంచిల ఏస్కోని రా. సాక్షి సంతకానికి నేను పెద్దోన్ని, పనికిరాను, రాసేటప్పుడు పక్కన కూసుంట.

మీ అన్న