పిల్లవాడికి ధ్యాస నిలవడం లేదని ‘బ్రెయిన్ కనెక్టివిటీ స్కాన్’ చేయించమంటున్నారు. చేయించాలా?

మీ ప్రశ్న: బాబుకి పదేళ్లు, చదువు మీద ధ్యాస నిలవదు, ఒక సెంటర్ వాళ్లు మెదడులో నెట్‌వర్క్‌ల మధ్య కనెక్షన్లు కొలిచి రంగుల రిపోర్ట్ ఇస్తామంటున్నారు, నమ్మొచ్చా అని.

వద్దండి. ఆ ఒక్క రిపోర్ట్ పట్టుకుని మీ బాబు గురించి ఎవరూ ఏమీ తేల్చలేరు. నేను హైదరాబాద్‌లో ఎంఆర్ఐ టెక్నీషియన్‌ని. పగలంతా మోకాళ్లు, నడుములు. పేషెంట్ల రద్దీ తగ్గాక, రాత్రిళ్లు పరిశోధన విద్యార్థులు వాలంటీర్లను తీసుకొస్తే వాళ్లకి స్కాన్లు తీసిపెడతాను. వాళ్లు లెక్కలు కట్టేటప్పుడు పక్కన కూర్చుని చూస్తూ నేర్చుకున్నదే నేను చెప్పేది.

కొలత అబద్ధమని కాదు. మనిషి ఏ పనీ చేయకుండా ఊరికే పడుకున్నా, చేతుల్ని కదిలించే ప్రాంతాల సిగ్నళ్లు ఎడమా కుడీ కలిసే పెరిగి తగ్గుతుంటాయని 1995లో శాస్త్రవేత్త భరత్ బిస్వాల్ బృందం చూపించింది. 2011లో వెయ్యి మంది స్కాన్లు కలిపి మెదడు పైపొరను ఏడు నెట్‌వర్క్‌లుగా, అంటే కలిసి పెరిగి తగ్గే ప్రాంతాల గుంపులుగా, విడదీశారు. ఇప్పుడు మా దగ్గర తీసేది ఎనిమిది నిమిషాల స్కాన్. రెండు సెకన్లకో బొమ్మ, మొత్తం 240 బొమ్మలు. మెదడుని కొన్ని వందల ముక్కలు చేసి, ప్రతి ముక్క సిగ్నల్‌నీ మిగతా అన్నిటితో పోల్చి, ఎంతవరకు కలిసి నడుస్తున్నాయో చూస్తారు. ఒకే నెట్‌వర్క్‌లోని జతల సగటు ఒక అంకె, వేర్వేరు నెట్‌వర్క్‌ల మధ్య జతల సగటు ఇంకో అంకె. మీకు ఇస్తామన్న రంగుల చదరం అదే.

అయితే మెషిన్‌కి కనెక్షన్ కనపడదు. దానికి కనపడేది రక్తంలో ఆక్సిజన్ హెచ్చుతగ్గుల నీడ మాత్రమే. కరెంటు పోతే మా వీధిలో రెండిళ్ల లైట్లు ఒకేసారి ఆరిపోతాయి. ఆ రెండిళ్ల మధ్య వైరు ఉందని కాదు, ఇద్దరిదీ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ అని. స్కాన్‌లో రెండు చోట్లనీ ఒకేసారి కదిలించేవి చాలా ఉన్నాయి: ఊపిరి, గుండె, అన్నిటికంటే ముఖ్యంగా తల కదలిక.

ఉప్పల్ వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు, ఐదో తరగతి. వాళ్లమ్మ గుమ్మంలోనే చెప్పింది, “వీడు ఒక్కతాన కూసోడు సార్, మీరెట్ల పండబెడ్తరో ఏమో” అని. మెటల్ ఏమైనా ఉందా అంటే లేదంది. తీరా చూస్తే మొలతాడుకి తాయెత్తు. (ఇది రోజూ ఉండే గోల. దయచేసి తాయెత్తులు, హెయిర్‌పిన్నులు, జాకెట్ హుక్కులు కూడా మెటలేనని గుర్తుపెట్టుకోండి. అడిగేది మీ క్షేమం కోసమే.) చెవుల పక్కన స్పాంజీలు పెట్టి, అద్దంలో ప్లస్ గుర్తు చూస్తూ ఉండమని చెప్పి లోపలికి పంపాను. కంట్రోల్ రూమ్ అద్దంలోంచి నాకు వాడి పాదాలు మాత్రమే కనిపిస్తాయి. మూడు నిమిషాలు బుద్ధిగా ఉన్నాయి. తర్వాత ఒక కాలి బొటనవేలు రెండో పాదాన్ని గోకడం మొదలుపెట్టింది. కాలు కదిలితే తల కదలదనుకుంటారు అందరూ. కదులుతుంది. కదలిక గ్రాఫ్ తీస్తే సరిగ్గా అక్కడి నుంచే ముళ్లు ముళ్లుగా లేచింది.

లెక్క కట్టాక చూస్తే పక్కపక్క ప్రాంతాల మధ్య అంకెలు బాగా ఎక్కువ. నుదుటి వెనక భాగానికీ, తల వెనక వైపు భాగానికీ మధ్య, అంటే డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్‌లోని (మనిషి ఏ పనీ లేకుండా ఊరికే ఉన్నప్పుడు ఎక్కువగా పనిచేసే గుంపు) రెండు ముఖ్యమైన చోట్ల మధ్య, బాగా తక్కువ. విద్యార్థి సంబరపడ్డాడు: “అన్నా, ఏడీహెచ్‌డీ పరిశోధన పేపర్లలో రాసింది అచ్చం ఇదే!” (ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం అనే సమస్య.) నేను ఒప్పుకోలేదు, పిల్లవాణ్ని మళ్లీ పిలిపించమన్నాను. ఈలోపు ఇంట్లో అట్టపెట్టెతో గుహలాంటిది చేసి, ఫోన్‌లో మెషిన్ శబ్దం పెట్టి, అందులో పడుకోవడం వాళ్లమ్మ ఓపిగ్గా అలవాటు చేసింది. ఆదివారం వచ్చినప్పుడు వాడు కట్టెలా పడుకున్నాడు. గ్రాఫ్ దాదాపు సాఫీగా ఉంది. వెలిసిపోయినట్టున్న ఆ ముందూ వెనకల లంకె చదరంలో ఎర్రగా, అంటే బలంగా, వచ్చింది. కొద్ది రోజుల్లో ఎవరి మెదడూ అంతలా మారిపోదు కదండీ. మొదటి స్కాన్‌లో చెడిపోయిన బొమ్మల్ని తీసేసి చూద్దామంటే, లెక్కకి ఆనేన్ని మిగల్లేదు.

ఇది మా సెంటర్ సంగతి మాత్రమే కాదు. తల మిల్లీమీటరులో కొంత భాగం కదిలినా దగ్గరి జతల అంకెలు ఉబ్బుతాయని, దూరపు జతలవి పడిపోతాయని 2012లో జొనాథన్ పవర్ బృందంతో సహా మూడు బృందాలు విడివిడిగా చూపించాయి. పిల్లలు పెద్దయ్యేకొద్దీ దూరపు లంకెలు బలపడతాయని అంతకుముందు చెప్పినదాంట్లో కొంత, చిన్నపిల్లలు ఎక్కువ కదలడం వల్ల వచ్చిందేనని తేలింది. నిలకడ లేని పిల్లలు మెషిన్‌లోనూ నిలకడగా ఉండరు. మీకు అంకెల్లో వచ్చేది చాలావరకు ఆ కదలికే, అది తల్లికి ముందే తెలుసు.

నిద్ర ఇంకో తలనొప్పి. రెస్టింగ్ స్కాన్‌లో, అంటే ఇలా ఊరికే పడుకుని తీసే స్కాన్‌లో, మూడు నిమిషాలకే దాదాపు మూడో వంతు మంది కునుకులోకి జారుతున్నారని 2014లో ఒక అధ్యయనం వచ్చింది. గుర్రు ఇంటర్‌కమ్‌లో వినిపిస్తుంది కాబట్టి నాకు ఆశ్చర్యం కలగలేదు. కాఫీ, టీలలో ఉండే కెఫీన్ మెదడుకి రక్తం వెళ్లడాన్ని తగ్గిస్తుంది, అంకెలు మారతాయి. మా వాలంటీర్లు చాలామంది ఇరానీ చాయ్ తాగి నేరుగా వస్తారు, ఎప్పుడు తాగారని అడిగే కాలమ్ చాలా ఫారాల్లో ఉండదు. ఫారాలు కూడా ఇంగ్లీషులోనే. పెద్దవాళ్లకి “రిలాక్స్, డోంట్ థింక్ ఎనీథింగ్” అంటే ఏం అర్థమవుతుంది? రెండు స్కాన్ల మధ్య “బాగున్నారా” అంటే నోటితో చెప్పరు, తలూపుతారు, పెట్టిన తల పక్కకి పోతుంది. నాలుగు ముక్కలు తెలుగులో రాసి చదివి వినిపిస్తే ఎంత మంచి డేటా వస్తుందో!

నెట్‌వర్క్‌ల మధ్య అంకె మరీ సున్నితం. డిఫాల్ట్ మోడ్, ధ్యాస నెట్‌వర్క్‌లు ఒకటి లేస్తే రెండోది తగ్గుతాయని 2005 నుంచి చెబుతున్నారు. మీ సెంటర్ వాళ్లు చూపించేది బహుశా ఇదే. కానీ లెక్క కట్టే సాఫ్ట్‌వేర్‌లో మొత్తం మెదడు సగటు సిగ్నల్‌ని తీసేసే ఆప్షన్ ఒకటుంది. అది పెడితే లెక్క ప్రకారమే కొన్ని జతలు మైనస్‌లోకి, అంటే ఒకటి లేస్తే ఇంకోటి తగ్గినట్టుగా, వెళ్తాయి. అంటే అదే పిల్లవాడి అంకెలు సాఫ్ట్‌వేర్‌లో ఒక టిక్కుతో మారతాయి.

వందల మందిని కలిపి సగటు చూస్తే ఈ కొలతకి విలువ ఉంది, అందుకే నేను రాత్రిళ్లు కూర్చుని తీస్తున్నాను. ప్రవర్తనకీ ఈ అంకెలకీ ముడిపెట్టాలంటే వేలమంది కావాలని 2022లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. ఒక్క బాబు, ఒక్క స్కాన్‌తో అయ్యే పని కాదు. ఏడీహెచ్‌డీ ఉందో లేదో తేల్చేది పిల్లల సైకియాట్రిస్టు లేదా క్లినికల్ సైకాలజిస్టు, అదీ మీతో, టీచర్లతో మాట్లాడి, బాబుని గమనించి. వాళ్ల దగ్గరికి వెళ్లండి. ఆ సెంటర్ వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే స్కాన్ ఎన్ని నిమిషాలు, కళ్లు తెరిచా మూసా, కదలిక గ్రాఫ్ రిపోర్ట్‌తో పాటు ఇస్తారా అని అడగండి. గ్రాఫ్ ఇచ్చేది లేదంటే ఆ స్కాన్ ఉచితంగా చేసినా వద్దనండి.